నల్లమొన వడ్లు

నవనీత స్కూటీకి స్టాండు కూడా వేయలేదు. గట్టుకు ఆనించి పొలంలోకి దిగింది. నాలుగడుగులు వేసి ఆగిపోయింది.

మడి లేదు.

నేలైతే ఉంది. దాని మీద కోత మిషను చైన్ల జాడలు, జాడల మధ్య తెగిన వరి కొయ్యలు, ఒక మూల చెదిరిన గడ్డి. మొన్న బుధవారం తను చూసినప్పుడు నడుమెత్తు పైరు ఇదే చోట నిలబడి ఉంది. మూడు గుంటల మడి. కొడవలి, ఐదు కొత్త గోనె సంచులు, దబ్బనం, సుతిలి అన్నీ సర్దుకుని ఆమె సూర్యాపేట నుంచి పొద్దున్నే బయల్దేరింది ఆ మడి కోసమే. ఆదివారం సెలవు పెట్టుకుని, ఒక్కతే, చేత్తో కోసుకుందామని.

"నాయినా! గీ మడి ఏది?"

సోమయ్య బోరు దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. కూతుర్ని చూడగానే అతని మొహం వెలిగింది.

"గదా! గది గూడ కొట్టిచ్చిన బిడ్డా. నిన్న పొద్దుమూకంగ మిషన్ ఒచ్చింది. మన మూడెకరాలు అయిపోయినంక సూస్తే గంట నిండనీకి ఇంక ఎనిమిది నిమిషాలున్నయ్. వాడు పైసలు పూర గంటకే తీస్కుంటడు గద. ఊకె ఎందుకు ఇడ్సిపెట్టాలె అని గీ మడి సూపెట్టిన. ఏడు నిమిషాలల్ల గొట్టిండు! ఒక్క నిమిషమే నష్టపోయినం."

మునగాల చుట్టుపక్కల ఏ రైతూ కోత మిషను నిమిషాన్ని వదిలిపెట్టడు. గంటకింత అని కిరాయి కట్టాక, మిగిలిన నిమిషాల్లో పక్కవాడి మూల అయినా కోయించి మాట దక్కించుకుంటాడు. సోమయ్య చేసింది ఎవరైనా చేసేదే. పైగా బాగా చేశానన్న నమ్మకంతో చేశాడు.

"అయి ఇత్తనం వడ్లు, నాయినా."

"ఇత్తనమా?" సోమయ్య చెంబు కింద పెట్టాడు. "దుకాణపోళ్లు ఏదో సూడుమన్నరు, గందుకే ఏసిన్న అంటివి. ఇత్తనమని జెప్పినవా నువ్వు?"

చెప్పలేదు. ఆరేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఆరేళ్ల కింద, కోతకు వారం ఉందనగా గాలివాన వచ్చి ఈ పొలమంతా చాప పరిచినట్టు పడుకోబెట్టింది. బురదలో మునిగిన వెన్నులు చూసుకుంటూ నడుస్తున్న నవనీతకు పొలం మధ్యలో ఒక్క దుబ్బు నిలబడి కనిపించింది. చుట్టూ అన్నీ పడిపోయి, అదొక్కటే. గింజ సన్నం. ప్రతి గింజ కొసకూ కాటుక అద్దినట్టు నల్ల మొన. వ్యవసాయ డిప్లొమా చదివిన పిల్ల కాబట్టి, తన చేతిలో ఉన్నదేమిటో ఆమెకు ఆ క్షణమే అర్థమైంది. సన్న వడ్లలో పడిపోని వరి! ఒక్క దుబ్బు నుంచి ఒక సాలు, ఒక సాలు నుంచి ఇరవై సాళ్లు. ఏటా తేడాగా ఉన్నవి పీకేసింది. మధ్యలో వచ్చిన రెండు గాలివానలకూ అది తల వంచింది కానీ నడుము వంచలేదు. ఈ ఏడు ఐదు సంచులు చేతికి వచ్చాక లోకానికి చెబుదామనుకుంది. అంతవరకు ఎవరైనా నవ్వుతారని భయం. ఎవరైనా ఎత్తుకుపోతారని అంతకంటే పెద్ద భయం.

"ఆ వడ్లు ఏడున్నయ్?"

"తమ్ముడు పట్కపోయిండు. బాల్యా ట్రాక్టర్ల. తెల్లారంగనే కోదాడకు పోయిన్రు. ఆఖరికి పోసినం గద, పైననే ఉంటయ్ తియ్యి."

పైనే ఉంటాయి! ఆ మాట ఆమెకు ఊపిరిపోసింది. ట్రాలీని మిల్లులో ఎత్తిపోయకముందే దొరికితే పై పొర తీసుకోవచ్చు. పోస్తే మాత్రం కథ ముగిసినట్టే. పచ్చి వడ్లు నేరుగా డ్రయ్యర్‌లోకి పోతాయి, ఆ వెనకే ఆవిరిలోకి. ఆ వేడి తగిలిన గింజ అన్నానికి పనికొస్తుంది, మొలకకు పనికిరాదు.

తమ్ముడు భాస్కర్‌కు ఫోన్ చేసింది. స్విచ్ఛాఫ్. భాస్కర్ ఫోన్‌లో ఛార్జింగ్ ఉన్న రోజు పండగ. బాల్యాకు చేసింది. మోగి మోగి ఆగింది.

స్కూటీ రోడ్డెక్కించి, పక్కకు ఆపి ఇంకో నంబరు నొక్కింది. సూర్యాపేటలో ఆమె పనిచేసే ఎరువుల దుకాణం యజమాని నర్సింగరావుది. ఆయన గోదాములో, ఆమె బల్ల వెనక, నిరుడు మిగిల్చి దాచిన ఆరు కిలోల విత్తనం రేకు డబ్బాలో ఉంది. మడి పోయినా ఆ డబ్బా ఉంది. ఉండాలి.

"సార్, ఊర్ల నా మడి కోసేసిన్రు, వడ్లు మిల్లుకు పోయినయ్. నా బల్ల ఎన్క డబ్బా జర ఇంట్ల పెట్టుండ్రి. నేను సాయంత్రం ఒచ్చి తీస్కుంట."

అవతల ఒక దగ్గు.

"అమ్మా నవనీతా... నీకు జెప్దామనే అనుకుంటున్న. డబ్బా సుమంత్ పట్కపోయిండమ్మా. కోదాడ ఇత్తనాల కంపెనీ పిలగాడు లేడా, గాయన. పరీక్ష చేస్తమన్నడు."

"అండ్లకెల్లి పరీక్షకు ఎంత ఇచ్చిన్రు?"

"ఎంత అంటే... డబ్బా డబ్బనే, మొత్తం."

ఆమె ఫోన్ పెట్టేసింది. తిట్టడానికి కూడా సమయం లేదు. టైము తొమ్మిది నలభై.

* * *

కోదాడ మిల్లు గేటు దగ్గర కాపలా మనిషి బీడీ ముట్టిస్తూ చల్లగా చెప్పాడు.

"మునగాల బండా? బక్కగా ఉంటాడు, చారల చొక్కా? తేమ ఎక్కువుందని వెనక్కి పంపారమ్మా. పొద్దున ఏడింటికే మిర్యాలగూడ పోతామని వెళ్లారు."

ఏడింటికి! అంటే మూడు గంటల ముందుంది ట్రాలీ. ఆమె స్కూటీ తిప్పింది. హుజూర్‌నగర్ రోడ్డు మలుపులో తెల్ల కారు ఒకటి అడ్డంగా ఆగి ఉంది. తలుపు తీసుకుని సుమంత్ దిగాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కంపెనీ పట్టీ. నర్సింగరావు ఫోన్ ఆమె కంటే ముందే కోదాడ చేరిందన్నమాట.

"నవనీత గారూ, రెండు నిమిషాలండీ."

"రెండు నిమిషాలు గూడ లేవు. నా డబ్బా ఇయ్యి."

"ఇక్కడ లేదండీ, మా ల్యాబ్‌లో భద్రంగా ఉంది. మీ మడి కోసేశారట కదా. బండి మిర్యాలగూడ పోయిందని మిల్లు గేటులో చెప్పారు. నిజంగా బాధపడ్డాను."

"అయి నా వడ్లు."

"మీవే. ఎవరు కాదన్నారు? కానీ మీవని ఏ కాగితం మీద ఉందండీ?"

నవనీత దగ్గర ఉన్నది ఒక్క నోటు పుస్తకం. అది కూడా బీరువాలో, చీరల కింద.

"నేను దొంగను కాదు," అన్నాడు సుమంత్ నెమ్మదిగా. "మొన్న వానకి మీ మడిని రోడ్డు మీంచి చూశాను. చుట్టూ అంతా పడిపోయి ఉంది, అది నిలబడి ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండీ. మా కంపెనీ పేరుతో రానివ్వండి. మూడేళ్లలో ఊరూరా ఉంటుంది. మీరు సంతకం పెట్టి మా దగ్గరే ఉద్యోగంలో చేరండి."

"నా ఆరేండ్లు ఎవరి పేరు మీదికి పోతయ్?"

"కోప్పడనంటే ఒకటి అడుగుతాను. ఈ వరి బతకాలనా మీకు, ఇది మీదని అనిపించుకోవాలనా?"

ఆమె స్కూటీ స్టార్ట్ చేసి, దారి ఇమ్మని హారన్ కొట్టింది.

"సాయంత్రం ఐదింటికి ఫోన్ చేస్తాను," అన్నాడతను కారు పక్కకు తీస్తూ. "మిర్యాలగూడలో ఏమీ దొరక్కపోతే, ఆ ఆరు కిలోలే మిగిలినట్టు. గుర్తుపెట్టుకోండి."

ఇతను ఒట్టి దుర్మార్గుడైతే ఎంత బాగుండేది! నాలుగు తిట్లు తిట్టి హాయిగా పోయేది. కానీ ఆ మడిని చూసి నిద్రపోని మనిషి ఈ లోకంలో ఇంకొకడు ఉన్నాడని ఆమెకు ఈ రోజే తెలిసింది. అది హాయిగా లేదు.

* * *

హుజూర్‌నగర్ దాటింది. నేరేడుచర్ల దాటింది. ముందు పోతున్న ప్రతి ట్రాక్టరునూ దాటి, తల తిప్పి చూసి, బాల్యాది కాదని తేల్చుకుని మళ్లీ ముందుకు. నోట్లో దుమ్ము. ముళ్ల మీద కూర్చున్నట్టు ఉంది సీటు మీద.

రోడ్డుకు రెండు వైపులా మొన్నటి వాన చేసిన పని కనిపిస్తూనే ఉంది. ఎకరాలకు ఎకరాలు పడుకున్న వరి. మిషను దిగని చోట ఆడవాళ్లు మోకాలి లోతు బురదలో వంగి, నీళ్లలోంచి వెన్నులు వెతికి కోస్తున్నారు. ఒకామె నడుము మీద చెయ్యి పెట్టుకుని లేవబోయి, పూర్తిగా లేవలేక సగంలోనే ఆగింది. అంతలో స్కూటీ దాటిపోయింది. ఆ సగం లేచిన మనిషి మాత్రం చాలా దూరం నవనీత వెంటే వచ్చింది.

మిర్యాలగూడ ఇంకా కనిపించకముందే లైను మొదలైంది. ట్రాక్టరు వెనక ట్రాక్టరు. రెండు కిలోమీటర్ల పొడవునా ట్రాలీలు, వాటి మీద పట్టాలు, పట్టాల నీడలో పడుకున్న రైతులు. టోకెను చీటీలు జేబుల్లో పెట్టుకుని ఎప్పుడు కదులుతుందా అని చూస్తున్న మొహాలు.

ఆమె స్కూటీ వదిలేసి నడక మొదలుపెట్టింది. నీలం ట్రాలీ కనబడితే చాలు, చక్రం మీద కాలు పెట్టి ఎక్కి, పట్టా కింద చెయ్యి పెట్టి గుప్పెడు తీసి చూడటం. తెల్ల మొన. దిగడం. ఇంకోటి.

"ఏమమ్మా, ఆఫీసర్‌వా?" ఒక పెద్దాయన ట్రాలీ మీద నుంచే అడిగాడు.

"కాదు పెద్దయ్యా."

"మరి మా వడ్లెందుకు పిసుకుతున్నవ్?"

"నాయి ఎతుకుతున్న."

"వడ్లల్ల వడ్లు ఎతుకుతున్నదంట!" ఆయన పక్క ట్రాక్టరు వాడికి వినిపించేలా అరిచాడు. "దొరికితే మాక్కూడ సూపెట్టమ్మా, ఎట్లుంటదో!"

లైను పొడుగునా నవ్వులు. ఆరేళ్లుగా ఏ నవ్వుకు భయపడి నోరు మూసుకుందో అదే నవ్వు. విచిత్రం ఏమిటంటే, దానికి ఆగడానికి ఇప్పుడు ఆమెకు తీరిక లేదు.

ఒంటిగంటన్నరకు ఒక పెద్ద మిల్లు గోడ పక్కన బాల్యా కనిపించాడు. ట్రాక్టరు నీడలో తువ్వాలు పరుచుకుని గుర్రు పెడుతున్నాడు. వెనక నీలం ట్రాలీ. దాని వెనక డోరు తెరిచి వేలాడుతోంది.

ఖాళీ.

"అక్కా! నువ్వేంది గీడ?" అరటిపండు తింటూ భాస్కర్ వచ్చాడు. మొహం నిండా గెలుపు. "మనం గెల్సినం అక్కా! పొద్దున గింత లైను లేకుండె. గీ మిల్లుల్నే శాంపిల్ తీసి కల్తీ అని ఎల్లగొట్టిన్రు. పైన ఏవో నల్లమొన గింజలున్నయంట. నేనేమన్న తక్కువోన్నా? బండి పక్కకు పెట్టి, పార తీస్కొని, ట్రాలీల ముంగటి మూలకు గుంత తవ్విన. నల్లయి అన్ని గుంజి అడుక్కు తోసి, మంచి వడ్లు పైన కప్పిన. టోకెను పాతదే గద, లైను ముంగట్నే మళ్ల పెట్టినం. పాసు! గంట కిందనే పోసినం."

నవనీత అతని వైపు చూసింది. కొట్టడానికి చెయ్యి లేచింది. అది తమ్ముడి దాకా పోకుండా ట్రాలీ అంచును పట్టుకుంది.

"అయి నా ఇత్తనం వడ్లు రా."

భాస్కర్ నములుతున్నది ఆపాడు. "నువ్వు జెప్తె గద, తెలుస్తది?"

ఉదయం తండ్రి అన్నది, ఇప్పుడు తమ్ముడు. దాచడమే తనను కొల్లగొట్టింది. సుమంత్ కాదు, మిషను కాదు, ఎనిమిది నిమిషాలూ కాదు.

* * *

మిల్లు యజమానురాలు పుష్పలత కాంటా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. యాభై దాటిన మనిషి, మూడు తరాల బియ్యం వ్యాపారం. శాంపిల్ వడ్లు అరచేతిలో పోసుకుని రెండో అరచేత్తో నలుపుతుంది, పొట్టు ఊది, ఒక గింజ పంటి కింద పెట్టి కటుక్కుమనిపిస్తుంది. ఆ శబ్దం విని తేమ ఎంతో చెబుతుంది. మిషను ఆ తర్వాత ఆమె చెప్పిందే చూపిస్తుందని పనివాళ్ల మాట.

తన విత్తనం వడ్లను తమ్ముడు అడుక్కు తోసి పోసిన సంగతి నవనీత ఒక్క ఊపిరిలో చెప్పింది. పుష్పలత భాస్కర్ వైపు ఒక చూపు చూసింది. అతను అరటిపండు తొక్క వెనక దాచుకున్నాడు.

"అడుక్కు తోసి అమ్మావా నాకు? మంచిది బాబూ, గుర్తుంచుకుంటా," అని నవనీతను వెంట రమ్మంది.

డ్రయ్యర్ గది దగ్గరకు పోకముందే వేడి తగిలింది. పుష్పలత కిటికీ లాంటి చిన్న తలుపు తీసి గుప్పెడు వడ్లు నవనీత చేతిలో పోసింది. అరచెయ్యి కాలింది. పదిహేను ట్రాలీల వడ్లు అందులో ఒక్కటైపోయి తిరుగుతున్నాయి. ఆ గుప్పెట్లో నల్ల మొన ఒక్కటంటే ఒక్కటి కనిపించింది.

"ఆపలేరా మేడం?"

"ఆపితే బయట లైన్లో ఉన్నవాళ్ల వడ్లు మొలకలొస్తాయమ్మా. ఆపినా ఇవి మొలకెత్తవు. ఇప్పటికే ఉడుకు పట్టింది."

నవనీత ఆ ఒక్క గింజను వేళ్ల మధ్య పట్టుకుని నిలబడింది.

"ఇంకో మాట," అంది పుష్పలత. "పొద్దున ఆ శాంపిల్‌ను తిప్పి పంపింది నేనే. కల్తీ కల్తీయే. కానీ పంపాక కూడా ఆ గింజ నోట్లోంచి పోలేదు. చేత్తో నలిపితే ఒక్కటి విరగలేదు. ముప్పై ఏళ్లుగా వడ్లు కొరుకుతున్నా, ఇంత సన్న గింజ నూక కాకుండా నిలబడటం చూడలేదు. ఎవరు చేశారో అనుకున్నా. నువ్వా?"

ఆరేళ్లలో మొదటి మెచ్చుకోలు. అదీ అంతా కాలిపోయాక. నవనీతకు ఏడుపు రావలసింది. రాలేదు. ఆమె బుర్ర ఇంకా పరిగెడుతూనే ఉంది, ఎక్కడో ఒక అంగుళం సందు వెతుకుతూ.

అడుక్కు తోశాడు. ముందు మూలకు. పచ్చి వడ్లు మూలల్లో అతుక్కుంటాయి. ట్రాలీ ఎత్తి పోసినా అడుగున ఉండిపోతాయి!

ఆమె గేటు వైపు పరుగెత్తింది. ట్రాలీలోకి ఎక్కి ముందు మూల చూసింది. రేకు మీద చీపురు గీతలు. ఒక్క గింజ లేదు.

"బాల్యా! లెవ్వు! ఇది ఎవరూడ్సిన్రు?"

బాల్యా కళ్లు నులుముకున్నాడు. "ఊడ్సేటోళ్లు. పోసినంక మూలలకున్నయి ఆళ్లయే గదక్కా. అది ఎప్పటి నుంచో ఉన్నదే. మా బండిని చాందీ ఊడ్సింది. పొద్దటి సంది సంచి నింపుకొని ఇప్పుడే ఇంటికి పోతున్నట్టుంది... అగో, ఆటో ఎక్కుతున్నది!"

* * *

చాందీ ఆటోలో ఒక కాలు పెట్టింది. నెత్తి మీద ముప్పావు సంచి. నవనీత ఆటో ముందుకు వచ్చి నిలబడింది.

"అక్కా, జర ఆగు! నీ సంచిల నా వడ్లున్నయ్."

"ఏంది?" చాందీ కాలు కిందికి దించింది. నలభై ఏళ్లుంటాయి. చేతికి పాత వెండి కడియం. "ఏమన్నవ్? దొంగతనం జేసిన్నంటున్నవా? ఊడ్సిన వడ్లు ఊడ్సినోళ్లయే. పొయ్యి ఆ సేటమ్మనడుగు."

"కాదక్కా, నీయే. నీయే ఆ వడ్లు. ఒక్కసారి సూడనియ్యి."

ఆటో డ్రైవర్ హారన్ కొట్టాడు. చాందీ ఒక క్షణం ఆలోచించి సంచి దించింది. మూతి విప్పగానే పైన కనిపించాయి. కాటుక మొనలు. ఆఖరుకు ఊడ్చిన బండి అదే కాబట్టి పై జానెడు దాదాపు మొత్తం అవే! మధ్యమధ్య తెల్ల మొన గింజలు. పది పన్నెండు కిలోలుంటాయి. నవనీత రెండు చేతులూ లోపల పెట్టింది. చల్లగా, పచ్చిగా, ప్రాణంతో ఉన్నాయి.

"గివేనా? గీ ఎలుకల మూతి వడ్లా?" చాందీ నవ్వింది. "ఇన్ని వేల బండ్ల వడ్లుంటే నీకు నా సంచిల గుప్పెడే కావల్సొచ్చినయా? ఏముంది దీంట్ల, బంగారమా?"

చెప్పాలి. తప్పదు. ఒక ఆటో ముందు, మధ్యాహ్నపు ఎండలో, ముక్కూమొహం తెలియని మనిషికి నవనీత మొదటిసారి తన మాటల్లో మొదటి నుంచీ చెప్పింది. ఒక్క దుబ్బు సంగతి, ఆరేళ్ల సంగతి. ఎంత గాలివాన వచ్చినా పడిపోదని చెప్పింది.

చాందీ నవ్వు పోయింది.

"పడదా? మొత్తానికే పడదా?"

"రెండు వానలు సూసిన. పడలే."

"నా నడుం సూడు," అంది చాందీ, వీపు తిప్పి. "పోయిన పదిహేను దినాలు పడ్డ వరి కోసిన. నీళ్లల్ల ఎన్నులు దేవులాడి దేవులాడి రాత్రి పండుకుంటె నడుం నాది కాదనిపిస్తది. కూలి ఎక్కువిస్తమంటరు. ఎవనిక్కావాలె గా కూలి! ఏమంటరు దీన్ని? పేరేంది?"

నోటు పుస్తకంలో ఒక పేరు రాసి ఉంది. మొదటి పేజీలోనే, అందంగా, కింద గీత గీసి. నవనీత సన్నాలు. సూర్యాపేట దుకాణంలో రైతులు వచ్చి ఆ పేరుతో అడుగుతున్నట్టు ఎన్నిసార్లు ఊహించుకుందో! ఆ పేరు నాలుక దాకా వచ్చింది. ఎదురుగా ఆ నడుము ఉంది.

"పేరేం లేదక్కా. నల్లమొన వడ్లు."

"సగం నాకు."

"ఏంది?"

"సగం నేను ఉంచుకుంట. మా అన్నకు సాగర్ కాలువ కింద ఎకరం ఉంది. అండ్ల ఏపిస్త. నాయే గద ఈ వడ్లు? నాయి నేను నీకు సగమిస్తున్న."

నవనీత సంచి మూతి గట్టిగా పట్టుకుంది. సగం! ఆరేళ్లుగా పక్క గట్టు మీద నిలబడిన వాడిని కూడా అనుమానంగా చూసిన మనిషి తను. వద్దు, అన్నీ కావాలి, ఏం కావాలంటే అది ఇస్తా అనబోయింది. మరి అన్నీ తీసుకుపోయి ఎక్కడ వేస్తుంది? ఆ మూడు గుంటల్లోనేగా! ఇంకో మిషను, ఇంకో ఎనిమిది నిమిషాలు, మళ్లీ ఇలాగే ఆటోల ముందు నిలబడటం. ఒకే చోట ఉన్నదేదైనా ఒకే పూటలో పోతుంది.

అది తట్టగానే మిగతాది దానంతట అదే తట్టింది. ఆమె తల తిప్పి లైను వైపు చూసింది. రెండు కిలోమీటర్ల పొడవునా రైతులు. ఊరికొకడు. కదలడానికి దారి లేక, పనిలేక కూర్చుని ఉన్నారు.

"తీస్కో అక్కా సగం. కానీ నీడకు ఆరబెట్టాలె, ఎండల వద్దు. నారు పోసే ముందు తెల్ల మొనయి ఒక్కటి లేకుండ ఏరాలె. యూరియా ఎక్కువ గుద్దొద్దు."

"నాకు వరి నేర్పుతున్నదయ్యా పిల్ల!" అని చాందీ చెంగు పరిచింది. పై నుంచి గుప్పెడు నీకు, గుప్పెడు నాకు అంటూ పంచింది. పంచుతున్నంతసేపూ ఒక్క గింజ కింద పడనివ్వలేదు.

భాస్కర్ పక్కకు వచ్చి నిలబడ్డాడు. "అక్కా, నన్నేం జేయమంటవ్?"

"ఆ ఎదురు దుకాణంల ఒక ఖాళీ సంచి, కాయితం పొట్లాలు ఎన్నుంటె అన్ని తే. నా సగం ఆ సంచిల పోసి తెల్లయి ఏరు. తప్పు నీది, కండ్లు పోయినా ఏరాలె."

* * *

నాలుగున్నరకు లైను మొదట్లో ఉన్న ట్రాక్టరు దగ్గరకు వెళ్లింది. తుంగతుర్తి మనిషి, తల మీద పంచె చుట్టుకుని కూర్చున్నాడు. చేతిలో పొట్లం పెట్టబోతే వెనక్కి తీసుకున్నాడు.

"ఎంత?"

"ఊకెనే."

"ఊకె ఇచ్చేది ఏదీ నేను తీస్కోనమ్మా. ఏ పార్టీ?"

"ఏ పార్టీ కాదు మామా. మొన్నటి వానకు నీ వరి పడ్డదా?"

"పడ్డది. సగం నీళ్లపాలు."

"ఇది పడదు."

ఆయన పొట్లం విప్పాడు. గింజ కొరికాడు. పక్క ట్రాలీ మీది మనిషి కిందికి దిగాడు. "మళ్ల చెప్పమ్మా, ఏందది?" అంటూ వెనక నుంచి ఇంకొకడు. మధ్యాహ్నం నవ్విన పెద్దాయన కూడా వచ్చి, "ఎతికిన వడ్లు దొరికినయా?" అన్నాడు, ఈసారి చెయ్యి చాపుతూ. నవనీత చెబుతూనే ఉంది. నలుగురికి, ఆరుగురికి. గొంతు బొంగురుపోయింది. ఎవరిది ఏ ఊరో అడిగి, ఫోన్ నంబరు భాస్కర్ చేత రాయిస్తోంది. ఒక్కొక్కరికి ఒక్క పిడికెడు. సంచిలో సగం తరిగింది. తనకు ఒక మూట విడిగా కట్టి నడుముకు చెక్కుకుంది. మిగతాది చేతులు మారుతోంది.

ఐదింటికి ఫోన్ మోగింది.

"నవనీత గారూ, ఏమాలోచించారు?" సుమంత్ గొంతు. "అక్కడేమైనా దొరికిందా?"

"దొరికింది. పంచుతున్న."

"పంచడమేమిటి? ఎవరికి?"

"లైన్ల ఉన్నోళ్లకు. ఇప్పటికి పదిహేడు ఊర్లయినయ్. నువ్వు అడిగినవ్ గద పొద్దున, బతకాలనా, నాదనిపించుకోవాలనా అని. బతకనియ్యి సుమంత్ సారూ. నీ దగ్గరున్న ఆరు కిలోలు గూడ ఈ యాసంగికే నారు పోయి, డబ్బల పెట్టి దాస్తె సచ్చిపోతది. సంతకం మాత్రం పెట్ట."

"పదిహేడు ఊళ్లలో ఉన్నదాన్ని మా కంపెనీ మాదని ఎలా అంటుందండీ ఇక?" అన్నాడు సుమంత్. కోపమో, ఊరటో ఆమెకు తెలియలేదు. "...యూరియా ఎంత వెయ్యాలి దీనికి?"

"మామూలు దాంట్ల సగం. పొట్టకొచ్చినంక అసలే వద్దు. ఉంట, లైను కదులుతున్నది."

నిజంగానే కదిలింది. ముందున్న ట్రాక్టర్లు ఒక్కసారిగా పొగ కక్కుతూ ఇంజన్లు లేపాయి. తుంగతుర్తి మనిషి పొట్లాన్ని బనీను లోపలికి దోపుకుని గేరు వేశాడు.

"మామా, ఆగు! నారు ముదరనియ్యకుండ్రి, ఇరవై ఐదు దినాలకే నాటు పెట్టాలె!"

"ఆఁ?"

"ఇరవై ఐదు దినాలు! మూలకు ఏసిన మడి దగ్గర జెండా పాతుండ్రి, మిషనోనికి కనపడేటట్టు! ఇంట్ల అందరికి చెప్పుండ్రి! అందరికీ!"

ట్రాక్టరు మిల్లు గేటులోకి మలుపు తిరుగుతోంది. నవనీత సంచి చంకన పెట్టుకుని దాని పక్కనే పరుగెత్తుతూ చెబుతూనే ఉంది. వెనక నుంచి ఇంకో ట్రాక్టరు వాడు హారన్ కొట్టి, తనకింకా రాలేదని చెయ్యి ఊపుతున్నాడు.